ఇంటిదొంగ

1883. బెంగళూరు కంటోన్మెంటు. ఇరవై ఆరేళ్ల సైనిక వైద్యుడొకడు తనకిచ్చిన బంగళాలో దోమలతో వేగలేకపోతున్నాడు. దోమలు అంతటా ఉన్నాయి గానీ, తన గదిలో ఉన్నన్ని మరెక్కడా లేవు. ఎందుకా అని వెతికితే కిటికీ బయట ఓ నీళ్ల తొట్టి కనిపించింది. నిండా మెలికలు తిరిగే పురుగులు. తొట్టిని ఒంపేయించాడు. గదిలో దోమలు ఇట్టే తగ్గిపోయాయి. ఇదేదో బాగుందని, మెస్ చుట్టూ ఉన్న తొట్లనూ కుండీలనూ కూడా ఒంపేయిద్దామని అక్కడి అధికారిని అడిగాడు. ఆయన ససేమిరా అన్నాడట. దోమల్ని దేవుడు ఏదో ఓ పని కోసమే పుట్టించి ఉంటాడు, ఓర్చుకోవడమే మన ధర్మం అన్నది ఆయన వాదన.

ఆ కుర్ర వైద్యుడి పేరు రోనాల్డ్ రాస్. పద్నాలుగేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, ఆయన సికింద్రాబాద్‌లో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆ దోమల్లో ఒకదాని కడుపు కోసి చూస్తే గోడలో మలేరియా క్రిమి కనిపించింది. చిత్తడి నేలల చెడుగాలే మలేరియాకు మూలమన్న పాత నమ్మకం ఆ రోజుతో కూలిపోవడం మొదలైంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా గుర్తుచేసుకుంటుంది.

సికింద్రాబాద్ ఘనతను అందరం చెప్పుకుంటాం. బెంగళూరు తొట్టి సంగతే ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో దోమల్ని తగ్గించుకోవడానికి మాత్రం నోబెల్ తెచ్చిన పరిశోధన కన్నా ఆ తొట్టే ఎక్కువ పనికొస్తుంది.

మూడు దోమలు, మూడు వేళలు

దోమలన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. మన ఊళ్లలో రోగాలు మోసేవి ప్రధానంగా మూడు రకాలు. వాటి పుట్టుక, వేళ, తిండి అలవాట్లు దేనికదే.

రాత్రిళ్లు చెవి దగ్గర గుయ్‌మంటూ నిద్ర చెడగొట్టేది ఎక్కువగా క్యూలెక్స్. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, గుర్రపుడెక్క పేరుకుపోయిన చెరువులు దాని పుట్టిళ్లు. బోదకాలు తెచ్చేది ఇదే. దీని దగ్గరి బంధువు ఒకటి వరిపొలాల్లో పెరిగి, పందులు, కొంగల నుంచి పిల్లలకు మెదడువాపు జ్వరాన్ని చేరవేస్తుంది. రెండోది మలేరియా మోసే అనాఫిలిస్. గోడ మీద వాలితే తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది, చీకటి పడ్డాక మొదలుపెట్టి తెల్లవారేదాకా కుడుతుంది. మన్యంలో కొండవాగుల దగ్గర పెరిగే జాతి ఒకటైతే, పట్నాల్లో బావుల్లోనూ మేడ మీది ట్యాంకుల్లోనూ పెరిగేది ఇంకొకటి.

మూడోది ఏడిస్. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలు. డెంగీ, చికున్‌గున్యా, జికా మూడింటినీ మోయగలదు. పగలే కుడుతుంది, పొద్దున ఎండెక్కే వేళా సాయంత్రం పొద్దు వాలే ముందూ మరీ ఎక్కువ. చప్పుడు పెద్దగా చేయదు. బల్ల కింద, కుర్చీ కింద చేరి మడమల మీద, పిక్కల మీద వాలుతుంది. మురుగు జోలికి సాధారణంగా పోదు. మంచినీళ్లే కావాలి, అవీ ఇంట్లోవైతే మరీ ఇష్టం.

హైదరాబాద్‌లో డెంగీ కేసులు పెరిగినప్పుడల్లా వేళ్లన్నీ మూసీ వైపు, నాలాల వైపు చూపిస్తాయి. మూసీ ఒడ్డున ఉండేవాళ్లకు దోమల బాధ నిజమే, వాళ్ల కోపమూ న్యాయమే. కానీ ఆ దోమల్లో ఎక్కువ భాగం క్యూలెక్సే. డెంగీ దోమ మాత్రం అయిదో అంతస్తులో, టీవీ పక్కన సీసాలో ముద్దుగా పెంచుకుంటున్న మనీప్లాంటు వేళ్ల మధ్య పుట్టి ఉండవచ్చు. అది ఎగిరే దూరం కూడా తక్కువే. పుట్టిన చోటు నుంచి రెండు మూడు వందల మీటర్లు దాటి పోవడం అరుదు. అంటే ఏ ఇంట్లోనైనా డెంగీ దోమ కుట్టిందంటే అది ఆ ఇంట్లోదో, పక్కింటిదో, మహా అయితే ఆ వీధిదో. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది దీనికి బాగా అతుకుతుంది గానీ, ఈ దొంగను పట్టడానికి ఓ దారి ఉంది.

శుక్రవారం ఎందుకు?

గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా ఏడిస్‌కు మన వేడిలో పట్టేది వారం నుంచి పది రోజులు. ఆ లెక్క మీదే ‘ఫ్రైడే-డ్రైడే’ పుట్టింది. వారానికోసారి ఇంట్లో నీళ్లు నిలిచే ప్రతిచోటా ఒంపేస్తే, నీళ్లలోని పురుగు దోమ అయ్యే లోపే చస్తుంది. 2019లో ఢిల్లీ, 2020లో తెలంగాణ ఇదే పనిని ఆదివారం ఉదయం పది గంటలకు, పది నిమిషాల పాటు చేయమని జనానికి చెప్పాయి. శుక్రవారమా, ఆదివారమా అన్నది ముఖ్యం కాదు. వారం తప్పకపోవడమే ముఖ్యం. ఒక్క వారం మానేస్తే ఓ తరం దోమలు బయటికొస్తాయి.

అయితే ఒంపడంతో పని సగమే అయినట్టు. ఏడిస్ గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటి అంచుకు కాస్త పైన, పాత్ర లోపలి తడి గోడకు అంటిస్తుంది, ఓ దఫాకు వంద దాకా. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు. వేసవంతా పొడిగా ఉన్న కుండీలో తొలకరి జల్లు పడిందో లేదో, మళ్లీ పొదుగుతాయి. అందుకే ఒంపాక లోపలి గోడల్ని పీచుతోనో బ్రష్‌తోనో గట్టిగా తోమాలి. ఆశా కార్యకర్తలు గొంతు పోయేలా చెప్పేదీ, జనం చెవిన పెట్టనిదీ ఈ తోమడం మాటే.

ఎక్కడ తోమాలో తెలియాలంటే ఇంటిని దోమ కళ్లతో చూడాలి. ఫ్రిజ్ వెనక అడుగున ఓ ట్రే ఉంటుంది. కొన్న రోజు నుంచి దాన్ని బయటికి లాగి చూడనివారే ఎక్కువ. పూలకుండీల కింది పళ్లేలు, పిట్టలకు పెట్టిన నీళ్ల మూకుడు, మిక్సీ వచ్చాక పెరట్లో వానకు నిండుతున్న రోలు, డాబా మీద పారేసిన పెయింటు డబ్బా, తాగి పడేసిన కొబ్బరి బోండాం, పంక్చరు షాపు ముందున్న పాత టైర్లు, కట్టుబడి ఆగిపోయిన ఇంట్లో లిఫ్టు గుంత, వాడని బాత్రూంలో కమోడ్. సీసా మూతలో పట్టేన్ని నీళ్లు కూడా దానికి చాలు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు మూత ఉన్నా గాలి గొట్టానికి జాలీ లేకపోతే మూత ఉన్నా లేనట్టే.

చీమలు పట్టకుండా వంటింటి బీరువా కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే అలవాటు చాలా ఇళ్లల్లో ఉండేది. పనామా కాలువ తవ్వకం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు అక్కడి ఆసుపత్రిలో ఇదే చేశారు. మంచాల కోళ్ల కింద నీళ్ల పాత్రలు, తోటలో మొక్కల చుట్టూ నీళ్ల కందకాలు. వాటిలోనే ఏడిస్ దోమలు పెరిగి, కాలు విరిగి చేరిన వాళ్లకు కూడా ఎల్లో ఫీవర్ అంటించాయి. వేల ప్రాణాలు పోయాయి. తర్వాత పని అందుకున్న అమెరికన్లు ఇల్లిల్లూ తిరిగి నీళ్లు ఒంపించి, ట్యాంకులకు జాలీలు వేయించి రెండేళ్లలో ఎల్లో ఫీవర్‌ను ఊరు దాటించారు.

తొట్టి బోర్లించమని చెప్పడం తేలికే, అందరికీ అది సాధ్యమయ్యే పని కాదు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో డ్రమ్ము నింపుకోక తప్పదు. తెలంగాణ పల్లెల్లో గోలెం, కోస్తాలో గాబు నీటి ఎద్దడి ఉన్నచోట రోజూ ఖాళీ అయ్యేవి కావు. అక్కడ డ్రమ్ము మీద పాత చీర ముక్క బిగించి కట్టడమో, వారానికోసారి వంతులవారీగా ఒక్కొక్కటి ఖాళీ చేసి తోమడమో దారి. బావులకూ పెద్ద తొట్లకూ గంబూసియా చేపలు ఇస్తున్నారు. ఈ చేప 1928లో మన దేశానికి వచ్చింది. నీళ్లలోని దోమ పురుగుల్ని (లార్వా) బాగానే తింటుంది గానీ, కప్పల గుడ్లనూ స్థానిక చేపపిల్లల్నీ వదలదు. బావిలో సరే, చెరువులో వదలడం తెలివైన పని కాదు. నీళ్లు రోజూ వచ్చే చోట డెంగీ తగ్గుతుంది. అంటే డెంగీని ఆపడం పారిశుద్ధ్య విభాగం పనే కాదు, జలమండలి పని కూడా.

పొగ ఎవరి కోసం?

డెంగీ వార్త పత్రికలో రాగానే వీధిలోకి ఫాగింగ్ బండి వస్తుంది. దట్టంగా తెల్లటి పొగ, వెనకాల పిల్లల పరుగు, మర్నాడు ఫొటో. ఆ మందు తాకిన దోమ చస్తుంది, నిజమే. కానీ ఏడిస్ వీధిలో ఉండదు. మంచం కింద, పరదాల వెనక, హ్యాంగర్లకు వేలాడే ముదురురంగు బట్టల మధ్య కూర్చుంటుంది. పొగ వస్తోందని మనం తలుపులేసుకుంటే దానికి కాపలా కాసినట్టే. నీళ్లలో ఉన్న లార్వాను పొగ తాకదు. మూడో రోజుకు కొత్త దోమలు వస్తాయి. వ్యాధి ప్రబలినప్పుడు రోగి ఇంటి చుట్టుపక్కల, ఇంటి లోపల మందు కొట్టడానికి అర్థముంది. మామూలు రోజుల్లో వీధివీధినా తిప్పే పొగ మాత్రం దోమల కన్నా ఓటర్లకే ఎక్కువ పనికొస్తోంది.

ఇంట్లో మనం చేసే ఖర్చూ ఇంచుమించు అలాంటిదే. ఓ మస్కిటో కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి డెబ్బయి అయిదు నుంచి నూట ముప్ఫై ఏడు సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఓ పరిశోధన తేల్చింది. తలుపులన్నీ మూసిన గదిలో పిల్లల మంచం పక్కన పెట్టాల్సిన వస్తువు కాదది. దోమల అగరుబత్తుల్లో అనుమతి లేని పురుగుమందులు కలిపినవి బజార్లో తిరుగుతున్నాయి. రిజిస్ట్రేషన్ నంబరు లేని ప్యాకెట్టు ఎంత మంచి వాసన వచ్చినా ముట్టుకోకపోవడమే మేలు. దోమల బ్యాటు చంపేది కనిపించిన దోమను. చెవులకు వినిపించని శబ్దంతో దోమల్ని తరిమేస్తామనే ఫోను యాప్‌లు, ప్లగ్గు యంత్రాలు పరీక్షల్లో నిలబడలేదు. ప్లగ్గుకు పెట్టే లిక్విడ్ మందు పనిచేస్తుంది, కానీ దాన్ని రాత్రి పడుకోబోతూ వేస్తారు. డెంగీ దోమ అప్పటికే తన పని ముగించుకుని ఉంటుంది.

పగటి దోమను ఆపడానికి కిటికీలకు జాలీ, ఒంటికి బట్ట. నిక్కర్లు, పొట్టి గౌన్ల యూనిఫాంలో పిల్లలు పొద్దుటి పూటంతా బడిబల్లల కింద కాళ్లు వేలాడదీసుకుని కూర్చుంటారు. వానాకాలం మూడు నెలలు వాళ్లను ఫుల్ ప్యాంటు, పొడుగు సాక్సులతో రానివ్వడానికి బడి యాజమాన్యాలకు కానీ ఖర్చు లేదు. ఒంటికి రాసుకునే క్రీముల్లో డీట్, పికారిడిన్ ఉన్నవి గంటల తరబడి పనిచేస్తాయి. నిమ్మగడ్డి నూనె వాసన బాగుంటుంది, ప్రభావం త్వరగా పోతుంది. సన్‌స్క్రీన్ కూడా రాసుకునేవాళ్లు ముందు అది, దాని మీద దోమల క్రీము. రెండు నెలల లోపు పసికందుకు ఏ క్రీమూ వద్దు, ఊయల మీద దోమతెర చాలు.

రాత్రి దోమకు దోమతెరను మించింది ఇంతవరకు రాలేదు. అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. నేలకు వేలాడేసి వదిలేస్తే దోమ లోపలే చిక్కుకుని తెల్లవార్లూ తీరిగ్గా కుడుతుంది. ఏజెన్సీ గ్రామాల్లో పంచే మందు తెరలు దాదాపు మూడేళ్లు, ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తాయి. వాటిని ఎండలో ఆరేస్తే మందు దెబ్బతింటుంది, నీడనే ఆరాలి.

దోమతోనే దోమను ఓడించే ప్రయత్నం ఒకటి ఆశ పుట్టిస్తోంది. వోల్బాకియా అనే బ్యాక్టీరియాను ఏడిస్ దోమల్లోకి ఎక్కిస్తే, వాటి ఒంట్లో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేసియాలోని యోగ్యకార్తా నగరంలో ఇలాంటి దోమల్ని వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం, ఆసుపత్రి చేరికలు 86 శాతం తగ్గినట్టు 2021లో ఫలితాలు వచ్చాయి. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం మన దోమల్లోనూ ఈ బ్యాక్టీరియాను ఎక్కించి సిద్ధం చేసింది.

ఊరెళ్తే

ప్రయాణం అనగానే వెళ్లే ఊరి దోమల గురించే ఆలోచిస్తాం. తాళం వేసిన ఇల్లు ఎవరికీ గుర్తు రాదు. సంక్రాంతికో వేసవి సెలవులకో పది రోజులు ఊరెళ్తే దోమకు కావాల్సిన గడువు సరిగ్గా అంతే. బకెట్లు బోర్లించి, కమోడ్ మూత వేసి, కూలర్ నీళ్లు తీసేసి, మనీప్లాంటును పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్తే తిరిగొచ్చిన రోజే కొత్త తరం స్వాగతం పలకదు.

అరకు, లంబసింగి, మారేడుమిల్లి వైపు వెళ్లే పర్యాటకులు స్వెట్టర్లు మరిచిపోరు గానీ, దోమతెర సంగతి తలవరు. అది మలేరియా నేల. టెంట్లలో, హోంస్టేల్లో రాత్రి గడిపేవాళ్లు చీకటి పడ్డాక మంట చుట్టూ కూర్చున్నప్పుడు కాళ్లూ చేతులూ కప్పుకోవాలి, క్రీము రాసుకోవాలి, తెరలో పడుకోవాలి. తిరిగొచ్చాక వారం దాటి ఎప్పుడు జ్వరం వచ్చినా, నెల తర్వాతైనా సరే, రక్తపరీక్ష చేయించి ‘ఏజెన్సీకి వెళ్లొచ్చాం’ అని డాక్టరుకు చెప్పాలి. వైవాక్స్ మలేరియా క్రిమి కాలేయంలో దాగి నెలల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. దాన్ని వెళ్లగొట్టే ప్రైమాక్విన్ కోర్సును జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేవాళ్లే ఎక్కువ.

ఆఫ్రికాకు ఉద్యోగాలకు, వ్యాపారానికి వెళ్లే తెలుగువాళ్లలో ఓ ధీమా కనిపిస్తుంది: దోమలు మనకు కొత్తా అని. ప్రపంచంలో ఏటా దాదాపు ఆరు లక్షల మందిని మలేరియా బలి తీసుకుంటోంది, వారిలో తొంభై అయిదు శాతం ఆఫ్రికావాళ్లే. అక్కడ రాజ్యమేలే ఫాల్సిపారం రకం రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినంత మాత్రాన దాన్ని తట్టుకునే శక్తి రాదు. అందుకే బయల్దేరే ముందే డాక్టరు సలహాతో నివారణ మాత్రలు మొదలుపెట్టాలి. డాక్సీసైక్లిన్ అయితే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా ఆపకూడదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వచ్చాక ఏడు రోజులు చాలు. ఇల్లు చేరాం కదా అని మాత్రలు అటకెక్కించడమే అసలు ప్రమాదం. పిల్లలకు వేసే తొలి మలేరియా టీకా ఆర్‌టీఎస్,ఎస్‌కు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది. దాని తయారీ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేతికి మారుతోంది. కానీ అది ఆఫ్రికా పసిపిల్లల కోసం, ప్రయాణికుల కోసం కాదు.

ఎల్లో ఫీవర్ సంగతి వేరు, అక్కడ కాగితం కూడా కావాలి. ఆ జ్వరమున్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు వెళ్లేవాళ్లు కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకుని పసుపు రంగు ధ్రువపత్రం తీసుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఇది వేస్తారు. ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. పదేళ్లకోసారి అన్న పాత నిబంధన 2016లోనే పోయింది. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆ దేశాల నుంచి ధ్రువపత్రం లేకుండా మన విమానాశ్రయంలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్ తప్పదు. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే ఏడిస్ ప్రతి ఊళ్లోనూ సిద్ధంగా ఉంది. అధికారుల పట్టుదలకు కారణం అదే.

సింగపూర్, థాయ్‌లాండ్, బాలి వెళ్లేవాళ్లకు పగటి దోమే సమస్య. సింగపూర్‌లో ఇన్‌స్పెక్టర్లు ఇళ్లలోకి వచ్చి కుండీలు ఎత్తి చూస్తారు, లార్వా కనిపిస్తే జరిమానా వేస్తారు. అంత కట్టుదిట్టంగా ఉన్నా అక్కడ డెంగీ పోలేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు కూడా ఓ మాట: 1999లో న్యూయార్క్‌లో అడుగుపెట్టిన వెస్ట్ నైల్ వైరస్ ఇప్పుడు ఆ దేశమంతా ఉంది. మోసేది మళ్లీ మన క్యూలెక్స్ జాతే. అరవై దాటినవాళ్లకే అది ఎక్కువ ప్రమాదం కాబట్టి పొద్దుగూకాక పెరట్లో కూర్చునేటప్పుడు క్రీము తప్పనిసరి.

జ్వరం వచ్చాక

2024లో ప్రపంచవ్యాప్తంగా కోటీ నలభై లక్షలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. చాలామందికి తగ్గిపోతుంది. ఒకసారి వచ్చింది కదా, ఇక రాదన్న ధైర్యం మాత్రం పనికిరాదు. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు, రెండోసారి వేరే రకం సోకితే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. డెంగీ అవునో కాదో తేల్చడానికి మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం రక్తపరీక్ష. వాటిలోనూ ఎలీజా పద్ధతికే నమ్మకం ఎక్కువ.

అసలు గండం జ్వరం తగ్గేటప్పుడు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. ఒళ్లు చల్లబడిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళ కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్లేట్‌లెట్ల లెక్క చూసి బెంబేలెత్తి రక్తనిధుల చుట్టూ తిరిగే కుటుంబాలు ప్రతి వానాకాలం కనిపిస్తాయి. రక్తస్రావం లేనప్పుడు పదివేల లోపుకు పడితే తప్ప ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. ప్రాణం కాపాడేవి సమయానికి అందే ద్రవాలు. బొప్పాయి ఆకు రసం తాగించి ఆసుపత్రిని వాయిదా వేయడం తగదు.

రోగిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టడం దాదాపు ఎవరూ చేయని పని. జ్వరం మొదలైన అయిదు రోజుల దాకా అతని రక్తంలో వైరస్ ఉంటుంది, కుట్టిన దోమకు అంటుతుంది. దోమ ఒంట్లో అది పెరిగి మరొకరికి ఎక్కడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఒకే ఇంట్లో అన్నకు తగ్గిన రెండు మూడు వారాలకు చెల్లికి మొదలవడం అందుకే. కేసు నమోదయ్యాక ఆరోగ్య సిబ్బంది వచ్చి డాబా చూపించమని అడిగితే, గేటు దగ్గరే నిలబెట్టి ‘మా ఇంట్లో దోమల్లేవు’ అని పంపేయకుండా మెట్లెక్కించి ట్యాంకు మూత తీసి చూపించాలి.